చెల్లె అన్న నోటితో

మధ్యాహ్నం రెండు దాటింది. చౌటుప్పల్ రేకుల ఇండ్ల మీద మార్చి ఎండ పెనంలా కాగుతోంది. గాలి లేదు, ఎక్కడా నీడ లేదు. పొద్దున తిన్న జొన్నరొట్టె ఎప్పుడో కరిగిపోయి, జానయ్య కడుపులో పేగులు ఒకదాన్నొకటి పట్టి లాగుతున్నాయి. పత్తి మిల్లులో బేళ్లు ఎత్తి ఎత్తి నడుము పట్టేసింది. తలమీద దూది, మీసాలమీద దూది, కనురెప్పల మీద కూడా దూదే. ముందు అన్నం, తర్వాత స్నానం, ఆ తర్వాతే లోకం అనుకుంటూ ఇంటి గేటు తీశాడు.

పైనుంచి ఎవరో కేక వేశారు.

"కాకా! ఓ కాకా! జర గట్లనే నిలవడు! చేతులు కడుక్కోకు!"

జానయ్య తల ఎత్తి చూశాడు. మెట్ల మీద ఒక సన్నటి పిల్లవాడు, రెండు చేతుల్లో రెండు ఫోన్లు పట్టుకుని పరుగెత్తుకొస్తున్నాడు. ఇంటి యజమాని హైదరాబాద్‌లో ఉంటాడు. కింది అర్ర జానయ్యకు ఎన్నో ఏండ్లుగా కిరాయికి ఉంది. పై అర్రలోకి పొద్దునే ఎవరో కొత్త మనిషి దిగాడని భార్య హనుమమ్మ చెప్పింది. ఆ కొత్త మనిషి ఇతడే.

"చేతులు కడుక్కోకుంట అన్నం ఎట్ల తినాలె బిడ్డా?" అన్నాడు జానయ్య.

"అన్నం యాడికి పోదు కాకా. ముందు గీ ఫోను పట్టుకో. గా దూదితోని, గా చెమటతోని అట్లనే పట్టుకో. ఇగ వేలుతోని జరుపు."

జానయ్య జరిపాడు. ఫోను కదల్లేదు. మళ్లీ జరిపాడు. బండరాయిలా ఉంది.

"ఇది నన్ను మనిషి లెక్కనే చూస్తలేదు బిడ్డా."

పిల్లవాడు సంతోషం పట్టలేక ఒక్క ఎగురు ఎగిరాడు. "అగో! గా మాటే! మల్లొక్కసారి అను కాకా, కెమెరా దిక్కు చూసుకుంట అను!"

లోపలినుంచి హనుమమ్మ గొంతు వచ్చింది. "ఏమయ్యో, అన్నం చల్లారుతాంది. ఎవలతోని ముచ్చట పెట్టినవ్?"

ఆ రోజు జానయ్య ఫోనుతో కుస్తీ పట్టి, చివరికి అన్నం ముందు కూర్చునేసరికి పిల్లవాడు కూడా పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. పేరు వహీద్ అని చెప్పాడు. పచ్చిపులుసు రెండుసార్లు పోయించుకున్నాడు. హనుమమ్మ అతన్ని ఆ పూటే కొడుకు వరసలో వేసుకుంది.

వహీద్‌ది నల్లగొండ పక్కన పానగల్. చదువు అయ్యాక హైదరాబాద్‌లో ఒక పత్రికలో చేరి ఫోన్ల గురించి, కంప్యూటర్ల గురించి రాసేవాడు. ఒకసారి ఇంటికి పోతే వాళ్లమ్మ యాస్మిన్, "నువ్వు రాసింది పక్కింటోళ్లతోని చదివించుకున్న. గా పిలగానికీ సమజ్ కాలే, నాకూ కాలే" అందట. ఆ మాట అతనికి గట్టిగా తగిలింది. పత్రికకు వారానికొక వ్యాసం రాయడం మాత్రం ఉంచుకుని, ఏసీ గది వదిలేశాడు. పట్నానికీ నల్లగొండకూ మధ్యలో ఉంటుందని చౌటుప్పల్‌లో అర్ర తీసుకుని, యూట్యూబ్‌లో సొంత చానల్ పెట్టాడు. పత్తి ఏరేవాళ్లకు, ఆటో నడిపేవాళ్లకు ఏ ఫోను పనికొస్తుందో వాళ్ల మాటలోనే చెప్పాలని అతని పట్టుదల. జానయ్య దూది చేతుల వీడియోతోనే ఆ చానల్ అందుకుంది.

చూసేవాళ్లలో చాలామంది టైపు చేయరు. నోటితో మాట్లాడి పంపుతారు. వహీద్ ప్రతి శుక్రవారం నమాజు నుంచి వచ్చాక ఆ మాటలన్నీ చానల్‌లో వినిపించేవాడు. వాటి వెనక మేకలు అరుస్తుంటాయి, బస్సు కండక్టర్లు కేకలేస్తుంటారు.

"వహీదన్నా, నువ్వు చెప్పిన ఫోను కొన్న. మా బర్రె తొక్కింది. అయినా మోగుతాంది. బర్రె కాలే వాసింది."

"అన్నా, నీ మాట మస్తుగుంది. నీ అంగీనే మంచిగ లేదు. మార్చు."

"గా కాకా చేతులు చూపెట్టు. నువ్వు తక్కువ మాట్లాడు."

ఆ చివరి మాట విన్న రోజు జానయ్య మిల్లులో తల ఎత్తుకుని నడిచాడు. అతనితో పాటు బేళ్లు ఎత్తే అంజయ్య ఊరుకుంటాడా? "ఇగో, చేతుల హీరో వచ్చిండు. జరుగుండ్రి, జరుగుండ్రి" అంటూ దారి ఇచ్చి దండం పెట్టాడు. బరువు తగ్గలేదు గానీ ఆ రోజంతా జానయ్యకు నడుము నొప్పి గుర్తుకు రాలేదు.

అట్లాంటి ఒక శుక్రవారమే ఆ గొంతు వచ్చింది.

"అస్సలామలైకుం వహీద్ భాయ్. నా పేరు తాహేరా. మాది మహబూబ్‌నగర్. ఫోన్లు బాగుచేసే దుకాణం నాది. మీరు మంచిదన్న ఫోను మా ముసలి నానీకి కొనిచ్చిన. ఎండల నిలవడితే దాంట్ల ఏం కనవడుతలేదు. ఫోను సచ్చిపోయిందనుకుని మా నానీ దినాం నా దుకాణానికి మోసుకొస్తాంది. నేను నీడకు పట్టంగనే బతుకుతాంది. నేను పెద్ద డాక్టరమ్మనని గల్లీ అంత చెప్పుకుంట తిరుగుతాంది. నాకెందుకు భాయ్ గీ పేరు? మీరు అర్రల కూసోని ఫోన్లు చూసుడు బంద్ చేయుండ్రి. ఎండలకు రాండ్రి."

వహీద్ పడి పడి నవ్వాడు. మైకు ముందు కూర్చుని, "మా తాహేరా చెల్లె నాకు మంచిగ గడ్డి పెట్టింది. రేపటిసంది ఎండలనే చూస్త చెల్లె" అన్నాడు. ముఖం తెలియని ఆడపిల్లను చెల్లె అనడం ఈ దిక్కు అందరూ చేసేదే. అతను కూడా ఆలోచించకుండానే అన్నాడు.

ఆ మాట జనానికి పట్టుకుంది. ఈ శుక్రవారం చెల్లె ఏమడిగిందని వాళ్లే అడగడం మొదలుపెట్టారు. తాహేరా కూడా వెనక్కు తగ్గే పిల్ల కాదు. చార్జింగు రంధ్రంలో పత్తి పీచు ఇరుక్కున్న సంగతి ఒక వారం, పొలంలో వినపడని రింగు సంగతి ఒక వారం. చివరికి చానల్‌లో ఆ ముక్కకు 'చెల్లె అడిగింది' అనే పేరే స్థిరపడింది.

ఆమె మాట మీద వహీద్ ఎండలోకి దిగాడు. పాత స్కూటరు మీద మర్రిగూడ పత్తి చేన్లకు పోయాడు, దేవరకొండ గుట్టలు తిరిగాడు, అమ్రాబాద్ అడవి అంచు దాకా వెళ్లాడు. తిరిగి వచ్చి హనుమమ్మ వేసిన రొట్టె తింటూ కథలు చెప్పేవాడు. అడవి అంచున ఒక ఊళ్లో సిగ్నల్ వచ్చేది ఒక్క బండ మీదనేనట. ఊరందరూ దాని మీదికి ఎక్కే మాట్లాడాలి. ఒకాయన అల్లుడితో కొట్లాడుతుంటే కింద నిలబడ్డవాళ్లు, "జర జల్ది తిట్టు, మా వంతు రావాలె" అని తొందర పెట్టారట. హనుమమ్మ నవ్వలేక పిండి చేతులతోనే కండ్లు తుడుచుకుంది.

వానలు పడ్డాయి. పత్తి లేని కాలం కాబట్టి మిల్లు మూసేశారు. జానయ్య పని లేక గోడకు ఆనుకుని కూర్చుంటే వహీద్ వచ్చి, "కాకా, పాలమూరు పోదాం రా. నీ చేతులు చూడాలంటాంది మా..." అని ఆగి, "గా తాహేరా" అన్నాడు.

చెల్లె అనబోయి ఆగడం జానయ్య గమనించాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని లేచాడు.

కల్వకుర్తి, జడ్చర్ల దాటి, ముసురులో తడుస్తూ మహబూబ్‌నగర్ చేరారు. గడియారం స్తంభం దగ్గరి సందులో చిన్న దుకాణం. ఒకప్పుడు తాహేరా తండ్రి అందులో గడియారాలు బాగుచేసేవాడు. ఆయన పోయాక ఆమె ఫోన్లు పెట్టింది. ఆయన కంటికి పెట్టుకునే గుండ్రటి అద్దమే ఇప్పుడు ఆమె కంటికి పెట్టుకుని పని చేస్తోంది. పక్కన కుర్చీలో ఆమె అమ్మమ్మ, ఆ నానీ అల్మాస్‌బీ, తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది.

తాహేరా అద్దం తీసి వహీద్‌ను పైనుంచి కింది దాకా చూసింది. "గింతేనా మీరు? వీడియోల జర పెద్దగ కనవడ్తరు."

వహీద్ ఆమె ఇచ్చిన చాయ్ అందుకున్నాడు. మైకు దొరికితే గంటలు గంటలు మాట్లాడే మనిషి, చక్కెర వేయని చాయ్‌ను చక్కెర వేసినట్టే తాగేశాడు. జానయ్య గోడ దిక్కు తిరిగి నవ్వుకున్నాడు.

అంతలో ఇద్దరు కుర్రవాళ్లు వచ్చారు. "చెల్లె అంటె నువ్వేనా? ఒక్క ఫోటో దిగుత" అని ఒకడు కౌంటరు మీదికి వంగాడు. తాహేరా వాళ్లను పంపించేసి, వహీద్ వైపు తిరిగింది. గొంతులో నవ్వు లేదు.

"చూసిండ్రా? దినాం గిదే కథ. దుకాణానికి ఫోన్లు తక్కువైనయ్, ఫోటోలు ఎక్కువైనయ్. ఆడోళ్లు ఫోను పట్టుకుని వచ్చి, గీ గుంపును చూసి వాపస్ పోతున్నరు. మా నాయిన ముప్పై ఏండ్లు గిక్కడ కూసుండి పని చేసిండు. ఒక్కరు ఫోటో అడగలే."

వహీద్ తల వంచుకున్నాడు.

తిరిగి వస్తూ కల్వకుర్తిలో మిర్చిబజ్జీల బండి దగ్గర ఆగారు. వహీద్ బజ్జీ పట్టుకుని తినకుండా నిలబడ్డాడు.

"కాకా, ఇగ నేను గా పిల్లను చెల్లె అనలేను."

"అయితె అనకు."

"అనకుంటె జనం ఎందుకని అడుగుతరు."

"అడిగితె చెప్పు."

"ఏం చెప్పాలె? ఇన్ని వేలమంది ముంగట ఎండకాలం పొడుగు చెల్లె చెల్లె అన్న. ఇప్పుడు అదే నోటితోని..."

"ముందుగాల బజ్జీ తిను. ఆ నోటికి గదొక పని పెట్టు" అన్నాడు జానయ్య.

వారం తిరగకముందే వహీద్ నన్ను చేసుకుంటావా అని ఫోనులో తాహేరాను అడిగేశాడు. మెట్లు దిగి వచ్చిన అతని ముఖం చూడగానే జానయ్యకు సంగతి అర్థమైంది.

"ఏమన్నది?"

"నవ్వింది కాకా. నానీని అడిగి చెప్పింది. సరే అన్నది. కని ఒక్క షరతు." వహీద్ గొంతు తగ్గించాడు. "నిఖా అయ్యెదాంక మా ఇద్దరి ముచ్చట చానల్ల రావద్దు. బయట ఎవలకూ తెలవద్దు. తెలిస్తె దుకాణం ముంగట జాతరైతది. 'ఒక్క మాట బయటవడ్డా నన్ను మర్చిపో' అన్నది."

జానయ్యకు ఒక్కసారి నవ్వూ భయమూ వచ్చాయి. పొద్దున ఏం తిన్నాడో కూడా చానల్‌లో చెప్పే పిల్లవాడు ఇతడు. ఇంత పెద్ద సంతోషాన్ని కడుపులో ఎట్లా దాచుకుంటాడు?

వహీద్ మాత్రం ప్రయత్నించాడు. ఆ శుక్రవారం 'చెల్లె అడిగింది' పేరు తీసేసి 'మీ మాట' అని పెట్టాడు. ఆమె మాట వినిపించే ముందు గొంతు సవరించుకుని, "మహబూబ్‌నగర్ నుంచి తాహేరా గారు" అన్నాడు.

ఆ 'గారు' కొంప ముంచింది. సాయంత్రానికల్లా ఫోను నిండిపోయింది.

"అన్నా, చెల్లెతోని కొట్లాడినవా?"

"గారు ఏందన్నా గారు? సొంత చెల్లెను గారు అంటరా?"

"తప్పు నీదే అయ్యుంటది. మాఫీ అడుగు."

పానగల్ నుంచి ఒక ముసలామె అయితే ఏడుస్తూ మాట్లాడింది. అన్నాచెల్లెండ్లు మాట్లాడుకోకపోతే తనకు బువ్వ దిగడం లేదని చెప్పింది. ఇదంతా ఒక ఎత్తు. మర్రిగూడ నుంచి బిక్షమ్మ అనే ఆమె ఏకంగా ఆటో ఎక్కి, పెసర్ల మూట పట్టుకుని ఇంటికే వచ్చింది.

"నువ్వేనా వహీద్? దా, గిట్ల కూసో. ఒక్క చెల్లెతోని మంచిగ ఉండనోనివి, మాకు ఫోన్ల ముచ్చట చెప్తవా? గా పిల్లకు ఫోన్ చేయ్. నా ముంగట్నే చేయ్."

"కొట్లాట ఏం లేదు పెద్దమ్మా."

"లేకుంటె గారు ఎందుకొచ్చె?"

వహీద్ పెదవి కొరుక్కుని ఆకాశం దిక్కు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. జానయ్య లోపలికి వెళ్లి తలుపు చాటున పొట్ట పట్టుకుని నవ్వాడు.

అక్కడే హనుమమ్మకు అనుమానం వచ్చింది. అన్నం వడ్డిస్తూ, "పిలగాడు పెసర్ల మూట చూసి ఎందుకు గట్ల సిగ్గువడ్డడు?" అని అడిగింది. జానయ్యకు ఆకలి మీద మంచి కూర పడింది. నోరు ఆగలేదు. మొత్తం చెప్పేశాడు.

హనుమమ్మ గరిటె పక్కన పెట్టింది. "చెల్లె అన్నంక లగ్గమా? ఏం కాలం వచ్చెనయ్యా! మన దిక్కు ఒక్కసారి అన్న అంటె అన్ననే. బావ అన్నోడికే కదనయ్యా పిల్లనిచ్చేది."

"నీకెందుకే? నువ్వు నోరు మూసుకో. బయట తెలిస్తె పిల్ల కాదంటది."

"నేనెందుకు అంట?" అంది హనుమమ్మ.

రెండు రోజులు అనలేదు. మూడో రోజు సాయంత్రం రొట్టెల పళ్లెం పట్టుకుని పైకి వెళ్లింది. వహీద్ కొత్త ఫోను ముందు కూర్చుని మాట్లాడుతున్నాడు. అది లైవ్ అని, అప్పటికప్పుడు వేలమంది చూస్తున్నారని ఆమెకు తెలియదు. అతను ఎప్పుడూ ఫోనుతో మాట్లాడుతూనే ఉంటాడు కదా అనుకుంది.

"బిడ్డా, నా పానం ఆగుతలేదు. గా పాలమూరు తాహేరాను నిజంగనే చేసుకుంటవా? నిన్నగాక మొన్న చెల్లె అంటివి కదరా!"

వహీద్ లేచి ఫోను మీద పడ్డాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

తెల్లవారేసరికి సగంమంది దీవెనలు పంపారు, సగంమంది 'చెల్లె అంటివి కదన్నా' అని పంపారు. మహబూబ్‌నగర్ దుకాణం ముందు గుంపు చేరింది. తాహేరా షట్టరు దించేసింది. ఆ శుక్రవారం ఆమె నుంచి మాట రాలేదు. ఆ తర్వాతి శుక్రవారం కూడా రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. వహీద్ వీడియోలు మానేశాడు. పళ్లెంలో పెట్టిన రొట్టె పెట్టినట్టే కిందికి వచ్చేది.

హనుమమ్మ చూడలేకపోయింది. ఒక పొద్దున అతని ఫోను లాక్కుంది. "ఏడ నొక్కాలె? చెప్పు." నొక్కి పట్టుకుని, అవతల మనిషి చెవిటిదైనట్టు అరిచింది.

"బిడ్డా తాహేరా! నేను హనుమమ్మను, కింది అర్రల ఉంట. నోరు జారింది నాదమ్మా, పిలగానిది కాదు. వాడు నాకు చెప్పనే లే. మా ఆయన చెప్పిండు. గాయనకు కడుపుల బువ్వ వడితే నోట్లె మాట ఆగదు. మా దిక్కు చెల్లె అన్నంక లగ్గం చేసుకోరు, గందుకే నా పానం కొట్టుకుంది. పిలగాడు తిండి బంద్ చేసిండు. నన్ను తిట్టు, పడుత. వాణ్ని ఏమనకు."

మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. తాహేరాది కాదు. అల్మాస్‌బీది.

"హనుమమ్మా, నేను పిల్ల నానీని. మా ఆయన నాకు ఖాలా కొడుకు, అంటె మా చిన్నమ్మ కొడుకు. చిన్నప్పటిసంది భాయ్‌జాన్ అనే పిలిచిన. నిఖా రోజు పొద్దుగాల గూడ భాయ్‌జాన్ అనే అన్న. మాపటికల్ల మొగుడైండు. అలవాటు పోతదా? మరునాడు అందరి ముంగట 'భాయ్‌జాన్, చాయ్ తాగుండ్రి' అన్న. మా అత్త నవ్వి నవ్వి మంచం మీంచి కింద వడ్డది. మా ఇండ్లల్ల గా మాటకు ఫికర్ లేదమ్మా. పిల్ల కోపం పిలగాని మీద గాదు, దుకాణం ముంగట నిలవడ్డ గుంపు మీద. గుంపు పోతె కోపం పోతది. షరతు మాత్రం గదే. ఇగ ఒక్క మాట బయటవడొద్దు. తారీకు మీకు గూడ చెప్పం. ఏమనుకోకుండ్రి."

హనుమమ్మ ఆ మాట మూడుసార్లు పెట్టించుకుని విన్నది. మంచం మీంచి అత్త పడ్డ దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ తనూ గోడకు ఒరిగి నవ్వింది. "అయితె తప్పేం లేదన్నట్టే కదనయ్యా! నాకేం తెలుసు?" అని జానయ్యను అడిగింది. ఆ పూట వహీద్ మూడు రొట్టెలు తిన్నాడు.

ఆ తర్వాత వహీద్ చార్జర్ల గురించి చెప్పాడు, చవక ఇయర్‌ఫోన్ల గురించి చెప్పాడు. లగ్గం ఎప్పుడని జనం అడిగినా, అలిగినా, తిట్టినా ఉలకలేదు, పలకలేదు. చెప్పనివాణ్ని ఎంతకాలం అడుగుతారు? దీపావళి నాటికి వాళ్లు కొత్త ఫోన్ల మీద పడ్డారు. మహబూబ్‌నగర్ దుకాణం ముందు గుంపు పలచబడి, మళ్లీ ఆడవాళ్లు పగిలిన ఫోన్లు పట్టుకుని రావడం మొదలైంది. ఆ సంగతి తాహేరాయే చెప్పిందని, చెప్పి నవ్విందని వహీద్ జానయ్యకు చెప్పాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. జానయ్యా అడగలేదు.

చలి మొదలైంది. మిల్లు తెరిచారు. ఒక పొద్దున జానయ్య పనికి పోవడానికి తువ్వాల తలకు చుట్టుకుంటున్నాడు. హనుమమ్మ వాకిలి ఊడుస్తోంది. మెట్ల మీద చప్పుడైంది.

వహీద్ దిగి వస్తున్నాడు. తెల్లటి కొత్త షేర్వానీ. అత్తరు వాసన అతని కంటే ముందే వాకిట్లోకి దిగింది. భుజాన కెమెరా సంచి లేదు, మైకు లేదు. హనుమమ్మ నోరు తెరిచింది. వెంటనే కొంగు తీసి తన నోటికి తానే అడ్డం పెట్టుకుంది. కండ్లు మాత్రం మెరుస్తున్నాయి.

వహీద్ ఆమె ముందు ఒక్క క్షణం ఆగాడు. వంగి ఆమె చెయ్యి తీసి తన తలమీద పెట్టుకున్నాడు. జానయ్య భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. పోయొస్తానని కూడా అనలేదు. స్కూటరు ఎక్కి, షేర్వానీ అంచులు మడిచి కాళ్ల కింద పెట్టుకుని, పాలమూరు దిక్కు పోయే మర్రిగూడ రోడ్డు పట్టుకుని పోయాడు.

సందు చివర నుంచి ఎవరో అరిచి అడిగారు. "ఓ జానయ్యా, వహీద్ గంత తయారై ఎటు పోతాండు?"

"నాకేమెరుక?" అన్నాడు జానయ్య. అంత హాయిగా అబద్ధం ఆడడం అతనికి జన్మలో అదే మొదటిసారి.

ఆ రోజంతా బేలు కిందికి వంగిన ప్రతిసారీ అతనికి నవ్వు ఆగలేదు. వెనక బేలు పట్టిన అంజయ్య చూసి చూసి, "ఏందే, బరువు మోసుకుంట నవ్వుతున్నవ్? పిచ్చి లేసిందా?" అన్నాడు.

"ఏం లే. ఎత్తు" అన్నాడు జానయ్య.